మిగిలిన రక్తం అమెరికా పంపమంటున్నారు, పంపేయనా?

ప్రశ్న: నమస్తే మేడమ్. ఉత్తరాంధ్రలో ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న కొన్ని ఊళ్లలో ఒక అమెరికన్ యూనివర్సిటీతో కలిసి స్టడీ చేస్తున్నాం. ప్రధాన పరిశోధకులు మా హెచ్‌ఓడీ గారు. ఊళ్లు తిరిగి రక్తం, మూత్రం, బోరు నీళ్లు సేకరించింది నేనూ, ఇద్దరు స్కాలర్లూ. కన్సెంట్ (సమ్మతి) ఫారంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), సీసం, కాడ్మియం, పురుగుమందుల అవశేషాల పరీక్షల కోసమని రాశాం. ఇప్పుడు అక్కడి ప్రొఫెసర్ మిగిలిన రక్తంతో జన్యు పరీక్షలు చేద్దామని, డ్రై ఐస్‌లో పెట్టి పంపమని మెయిల్ పెట్టారు. పేర్లు తీసేసి కోడ్ నంబర్లతో పంపితే తమ అనుమతి అవసరం లేదని అక్కడి ఎథిక్స్ బోర్డు (పరిశోధనల మంచిచెడ్డలు చూసే కమిటీ) అందట. హెచ్‌ఓడీ గారు ‘పంపెయ్యమ్మా, ఇంకెందుకు ఆలస్యం’ అంటున్నారు. కొన్ని ఫారాల్లో వేలిముద్ర పక్కన సాక్షి సంతకం లేదు. పాత తేదీ వేసి ఆశా వర్కర్ చేత పెట్టించెయ్యమన్నారు. పేపర్‌లో ఫస్ట్ ఆథర్ అమెరికాలోని పీహెచ్‌డీ విద్యార్థి. హెచ్‌ఓడీ, డీన్, మరో ఇద్దరు సీనియర్ల పేర్లు వచ్చాక నాది ఎక్కడో చివర. వచ్చే ఏడాది అదే ల్యాబ్‌కి పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు) వెళ్లాలనుకుంటున్నాను, ఆ ప్రొఫెసర్ రికమండేషన్ లేకపోతే కష్టం. ఇవి చాలవన్నట్టు ఒక ఊరి నుంచి ఒకావిడ ఫోన్ చేసి ‘మా రిపోర్టులేమయ్యాయమ్మా’ అని అడుగుతోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగైదు చిక్కులు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. అన్నిటికంటే తొందరగా తేల్చాల్సింది ఆ డ్రై ఐస్ పెట్టె సంగతి.

ఇప్పుడే పంపకండి. అలాగని ‘పంపను’ అని జవాబూ రాయకండి. ‘ఈ పరీక్షలు మేం తీసుకున్న కన్సెంట్‌లో లేవు, మా ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టాలి, వాళ్ల నిర్ణయం వచ్చాక మాట్లాడుకుందాం’ అని రాయండి. ఇందులో ఎవరినీ తప్పుపట్టినట్టు ఉండదు, ఒక్క అక్షరం అబద్ధమూ లేదు. ఇలాంటి మెయిళ్లు పరిశోధనలో మామూలే. పెద్ద ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ‘అమెండ్‌మెంట్’ అన్న మాట వింటే విసుగు రావచ్చు గానీ కోపం రాదు.

ఇక అసలు విషయం. ఊళ్లో అరుగు మీద కూర్చుని మీరు చదివి వినిపించిన కాగితంలో జన్యువుల మాటే లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో తెచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాలు, దాచిపెట్టిన శాంపిల్స్ విషయంలో కన్సెంట్‌ను రకరకాలుగా విడదీశాయి. ఈ ఒక్క పనికే అని ఇచ్చేది ఒక రకం. ఇలాంటి ఆరోగ్య పరిశోధనలకు ముందు ముందు కూడా వాడుకోండని ఇచ్చేది ఒక రకం. ఏ పనికి సరే, ఏ పనికి వద్దు అని విడివిడిగా టిక్కు పెట్టించుకునేది ఇంకొకటి. మీరు రాసినదాన్ని బట్టి మీది మొదటి రకం. అయినా ఫారం చివరి పేజీ ఒకసారి మళ్లీ చూడండి. ‘మిగిలిన నమూనాలను భవిష్యత్ పరిశోధనల కోసం భద్రపరుస్తాం’ అనే వాక్యం చాలా ఫారాల్లో ఎక్కడినుంచో కాపీ అయి వచ్చేస్తుంటుంది, రాసినవాళ్లకే గుర్తుండదు. అది ఉంటే మీ పని కొంత తేలికవుతుంది. కమిటీకి వెళ్లడం మాత్రం తప్పదు.

లేకపోతే రెండు దారులున్నాయి. మళ్లీ ఊరికి వెళ్లి అడగడం ఒకటి. ఎవరి రక్తమో ఎవరికీ తెలియకుండా గుర్తులన్నీ చెరిపేసి, మళ్లీ అడగనక్కర్లేదని కమిటీ చేత మినహాయింపు ఇప్పించుకోవడం రెండోది. నేను కమిటీలో కూర్చుని ఉంటే మీకు మినహాయింపు ఇవ్వడానికి ఒప్పుకునేదాన్ని కాను. మనుషులు చనిపోయో, వలస వెళ్లిపోయో దొరకనప్పుడు అడిగే వెసులుబాటు అది. మీ వాళ్లు ఊళ్లోనే ఉన్నారు, మీకు ఫోన్లు కూడా చేస్తున్నారు.

ఆ అమెరికన్ ప్రొఫెసర్‌ను మీరు విలన్‌ని చేసుకోకండి. ఆయన చెప్పింది ఆయన దేశపు లెక్క. అక్కడ ‘కామన్ రూల్’ అనే ఫెడరల్ నిబంధన ఒకటి ఉంది. రక్తం ఎవరిదో పరిశోధకుడు గుర్తుపట్టలేని స్థితిలో ఉంటే, ఆ పనిని మనుషుల మీద చేసే పరిశోధనగా అది లెక్కించదు. మిగిలిపోయిన నమూనాలతో అక్కడ రోజూ వందల ల్యాబులు అలాగే పనిచేస్తాయి. ఆయన అలవాటుగా అడిగి ఉంటారు. అయితే అక్కడి బోర్డు ‘మాకు అవసరం లేదు’ అన్నది అక్కడి క్యాంపస్ వరకే. మన కమిటీ చెప్పాల్సిన మాట వాళ్లు చెప్పలేరు. మన దగ్గర తీసిన రక్తానికి మన కమిటీ అనుమతి విడిగా కావాల్సిందే.

ఇంకో సంగతి ఆయన్ని మర్యాదగా అడగండి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే పట్టిక మీ దగ్గర ఉంది, మీరు ఆ పేపర్‌లో సహ రచయిత కూడా. ఈ రెండూ తమ బోర్డుకు చెప్పారా అని. శాంపిల్స్ సేకరించి పంపినవాళ్లే పరిశోధనలోనూ పాలుపంచుకుంటే అక్కడి లెక్క కూడా మారిపోతుంది. బోర్డుకు సగం సంగతి తెలిసి ఇచ్చిన జవాబు అయ్యుంటే, తర్వాత ఇబ్బంది పడేది ఆయనే. ముందే గుర్తుచేస్తే మీకు కృతజ్ఞతలు చెప్పినా చెప్తారు.

ఇంత పట్టింపు ఎందుకని మీ హెచ్‌ఓడీ గారు అడిగితే హవాసుపాయ్ సంగతి చెప్పండి. అమెరికాలో గ్రాండ్ కెన్యన్ అడుగున సుపాయ్ అనే ఊరుంది. అక్కడి హవాసుపాయ్ తెగలో షుగర్ వ్యాధి విపరీతంగా ఉంటే, 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్ల రక్తం తీసుకున్నారు. షుగర్ కోసమని ఇచ్చారు వాళ్లు. అదే రక్తంతో తర్వాత స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు మీద, దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్ల మీద, వాళ్ల పూర్వీకులు ఏ ఖండం నుంచి వలస వచ్చారన్నదాని మీద కూడా పనులు జరిగాయి. ఆ కెన్యన్‌లోనే తాము పుట్టామని నమ్మే జనం వాళ్లు. 2003లో ఆ తెగకే చెందిన కార్లెటా టిలూసీ అనే ఆవిడ అదే యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ విద్యార్థి థీసిస్ ఉపన్యాసానికి వెళ్లి, అంతా విని, ‘దీనికి మా వాళ్ల అనుమతి ఉందా?’ అని లేచి అడిగారు. అక్కణ్నించి కోర్టులు, కేసులు. చివరికి 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తం తిరిగిచ్చి రాజీపడింది. ఆ కథలోనూ మొదట తీసుకున్న రక్తం నిజమైన జబ్బు కోసమే, మంచి ఉద్దేశంతోనే. కిడ్నీ రక్తం జన్యువుల వైపు వెళ్లడానికీ దానికీ పెద్ద తేడా నాకు కనిపించడం లేదు.

జన్యు పరీక్ష వద్దని నేననడం లేదు సుమా. ఈ జబ్బులో జన్యువుల పాత్ర ఎంతో తెలుసుకోవాల్సిందే. ఊళ్లో అడిగితే చాలామంది సరేనంటారని నా నమ్మకం. కమిటీకి పెట్టే సవరణలో ఇంకో ప్రతిపాదన కూడా చేర్చండి: రక్తం సముద్రం దాటాల్సిన అవసరం నిజంగా ఉందా? జన్యు పరిశోధనలు చేసే సంస్థలు హైదరాబాద్‌లోనే సీసీఎంబీ ఉంది, సీడీఎఫ్‌డీ ఉంది. సీక్వెన్సింగ్ (జన్యు క్రమం చదవడం) ఇక్కడే చేయించి, వచ్చిన డేటాను ఇద్దరూ కలిసి విశ్లేషించవచ్చు. ఇక్కడ సౌకర్యం ఉండగా బయటికెందుకు పంపుతున్నారని కమిటీ ఎలాగూ అడుగుతుంది. అక్కడే చేయాలనడానికి గట్టి కారణం ఉంటే ఆ ప్రొఫెసర్ చేతే రాయించండి.

పంపడమే ఖాయమైతే కావాల్సిన కాగితాలు ఇవి. విదేశీ నిధులతోనో, భాగస్వామ్యంతోనో జరిగే ఆరోగ్య పరిశోధనకు హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కావాలి, ఆ దరఖాస్తులు చూసేది ఐసీఎంఆర్. పని మొదలుపెట్టకముందే అది వచ్చి ఉండాలి. మీ ప్రాజెక్టు ఫైల్లో ఆ కాపీ ఉందో లేదో ఇవాళే వెతకండి. ఉంటే మార్పు సంగతి వాళ్లకు తెలియజేయాలి. ఆ కాపీ లేకపోతే, మీ ప్రాజెక్టులో జన్యు పరీక్ష కంటే పెద్ద సమస్యే ఉంది, దాన్ని దాచి ముందుకెళ్లడం అసలు కుదరదు. రెండోది, రెండు సంస్థల మధ్య మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్, అంటే శాంపిల్స్ ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం. మన దగ్గర దీన్ని కొరియర్ స్లిప్పులా చూస్తారు, రిజిస్ట్రార్ ఆఫీసులో చదవకుండా సంతకం పెట్టేస్తారు. మీరు చదవండి. ఏయే పరీక్షలు చేస్తారు, మిగిలింది తిరిగిస్తారా లేక నాశనం చేస్తారా, మూడో ల్యాబుకు ఇవ్వొచ్చా, పేటెంట్ లాంటిది వస్తే మన వాటా ఏమిటి, సీక్వెన్స్ డేటా ఎక్కడ పెడతారు, ఎవరు చూడొచ్చు అన్నవి అందులో ఉండాలి. డేటా మాట ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ నిధులు తీసుకునేవాళ్లు 2023 జనవరి నుంచి డేటాను ఎలా పంచుకుంటారో ముందే ప్లాన్ ఇవ్వాలి. వాళ్ల నిధులు ఎన్ఐహెచ్‌వైతే మీ ఊరివాళ్ల జన్యు డేటా ఏదో ఒక డేటాబేస్‌కి చేరే అవకాశం ఉంది. ఒకసారి చేరాక వెనక్కి రప్పించడం దాదాపు అసాధ్యం. కొత్త కన్సెంట్ ఫారంలో ఇది తెలుగులో, విడమరిచి ఉండాలి.

కోడ్ నంబర్ల గురించి ఒక చిన్న పని చెబుతాను. ఫ్రీజర్ తెరిచి వయల్ (శాంపిల్ సీసా) మీద లేబుల్ చూడండి. మన స్కాలర్లు సాధారణంగా ఊరి పేరులో మొదటి రెండక్షరాలు, మనిషి పేరు ఇనిషియల్స్, వయసు, ఆడో మగో వరసగా రాసేస్తారు, పనికి వీలుగా ఉంటుందని. రెండు మూడు వందల గడపలున్న ఊళ్లో ఇంటిపేరు మొదటి అక్షరం, 47 ఏళ్లు, మగ అంటే, టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు మనిషిని చిటికెలో చెప్పేస్తారు. అలాంటి లేబుల్‌ను ‘పేర్లు తీసేశాం’ అనడానికి వీల్లేదు. అర్థంలేని వరస నంబర్లు కొత్తగా ఇచ్చి, పాతదానికీ కొత్తదానికీ లంకె చెప్పే పట్టికను వేరే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌తో పెట్టండి. ఎక్సెల్ షీట్లు మెయిల్‌లో పంపేటప్పుడూ ఇదే. రక్తానికి ఇన్ని కాగితాలు అడిగే మనం, ఊరు, వీధి, ఫోన్ నంబర్‌తో సహా ఉన్న షీటును ఒక్క క్లిక్కుతో పంపేస్తుంటాం.

ఇప్పుడు సాక్షి సంతకాలు. ఇక్కడ మాత్రం మెత్తగా చెప్పలేను. పాత తేదీతో సంతకం పెట్టించకండి, మీరు పెట్టకండి, మీ స్కాలర్లను పెట్టనివ్వకండి. మీ ఉత్తరంలో మిగతావన్నీ సరిదిద్దుకోగల లోపాలు. ఇది చేస్తే మాత్రం ఫోర్జరీ అవుతుంది. పైగా అందులో ఇరుక్కునేది ఆశా కార్యకర్త. ఆమె ఆ ఊళ్లో బతకాలి.

చదవడం రానివాళ్లు వేలిముద్ర వేసినప్పుడు, పరిశోధన బృందంతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండి, విషయం సరిగ్గా చెప్పారని సంతకం చేయాలి. అది జరగలేదు. జరగలేదనే రాయండి. దీన్ని ప్రోటోకాల్ డీవియేషన్ అంటారు, దానికి విడిగా ఫారం ఉంటుంది: ఎన్ని ఫారాల్లో లోపం, ఏ ఊళ్లలో, ఎందుకు జరిగింది, ఇప్పుడేం చేస్తాం. కమిటీ మహా అయితే ఆ మనుషుల్ని మళ్లీ కలిసి సాక్షి ముందు కన్సెంట్ తీసుకోమంటుంది, ఒప్పుకోనివాళ్ల డేటా తీసేయమంటుంది. జన్యు పరీక్ష కోసం ఎలాగూ ఊరికి వెళ్లాలి గనక రెండు పనులూ ఒకే ప్రయాణంలో అయిపోతాయి.

ఈ సంతకాల విషయంలో తెలుగువాళ్లకు బయటి ఉదాహరణలు అక్కర్లేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు జరిగింది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. నిధులు గేట్స్ ఫౌండేషన్‌వి. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకాలు వేశారు, వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉన్నవాళ్లు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవై 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ మరణాలకూ టీకాకూ సంబంధం కనిపించడం లేదనే విచారణ కమిటీ చెప్పింది. కానీ కాగితాలు తిరగేస్తే, రాష్ట్రంలో పరిశీలించిన 9,543 కన్సెంట్ ఫారాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవి. తల్లిదండ్రులు ఉండగా వార్డెన్ సంతకమేమిటని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో కడిగిపారేసింది. టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. మన జాతీయ కార్యక్రమంలోకి రావడం మాత్రం ఆ గొడవ తర్వాత ఏళ్ల తరబడి వెనక్కిపోయింది. మీ హెచ్‌ఓడీ గారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఆయనతో మాట్లాడేటప్పుడు దీన్ని ఎత్తండి. ప్రధాన పరిశోధకుడు ఆయనే, రేపు ఎవరైనా ఫారాలు తెమ్మంటే మొదటి పిలుపు ఆయనకే. ‘సార్, మీ పేరు మీదికి వస్తుందని నా భయం’ అని చెబితే వినే అవకాశం ఎక్కువ. నిజమూ అంతే.

పేర్ల గొడవకు వద్దాం. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం పెట్టిన ప్రమాణాలనే ఎక్కువ పత్రికలు పాటిస్తాయి. ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పని చేసి ఉండాలి. పేపర్ రాయడమో, గట్టిగా దిద్దడమో చేయాలి. చివరి ప్రతికి ఆమోదం తెలపాలి. ఏ భాగం మీద ప్రశ్న వచ్చినా దాని నిగ్గు తేల్చే బాధ్యత తీసుకోవాలి. ఈ నాలుగూ కలిస్తేనే రచయిత. నిధులు తేవడం, డిపార్ట్‌మెంట్ నడపడం, ల్యాబ్ ఇవ్వడం వీటికి కృతజ్ఞతల్లో చోటు. ఈ లెక్కన డీన్ గారూ, ఆ ఇద్దరు సీనియర్లూ బయటే. హెచ్‌ఓడీ గారు డిజైన్‌లో నిజంగా పాల్గొని, డ్రాఫ్ట్ చదివి దిద్దితే లోపల.

ఇదంతా సంతలో బేరంలా తయారవుతుందని నాకు తెలుసు. నాలుగో ప్రమాణాన్ని మన సీనియర్లు తేలిగ్గా తీసుకుంటారు. దానికి నాగాలాండ్ గబ్బిలాల పేపర్ మంచి ఉదాహరణ. నాగాలాండ్‌లో గబ్బిలాలను వేటాడే ఊరివాళ్ల రక్తం మీదా, గబ్బిలాల మీదా జరిగిన పరిశోధన 2019లో ఒక అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ శాస్త్రవేత్తలతో పాటు సింగపూర్, అమెరికా వాళ్లు, వుహాన్ వైరాలజీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇద్దరు రచయితలు. నిధుల్లో అమెరికా రక్షణ శాఖ విభాగానిదీ ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. 2020 ఫిబ్రవరిలో కరోనా వార్తలు ముమ్మరమయ్యేసరికి ఆ పేర్లు చూసినవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. అనుమతులు తీసుకున్నారా అని ప్రభుత్వం విచారణ జరుపుతోందని పత్రికల్లో వచ్చింది. శాంపిల్స్ ఏవీ వుహాన్ వెళ్లలేదు, వాళ్లు కీలకమైన రీఏజెంట్లు (పరీక్షలకు వాడే పదార్థాలు) ఇచ్చారు గనక పేర్లు పెట్టాం అని ఎన్‌సీబీఎస్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. రీఏజెంట్లు ఇచ్చినందుకు కృతజ్ఞతల్లో ఒక వాక్యం సరిపోయేదని నా అభిప్రాయం. పేపర్ మీద పేరుంటే ఏ రోజు, ఏ కారణంతో ఎవరు తలుపు తడతారో చెప్పలేం. డీన్ గారికి ఈ సంగతి చెప్పి చూడండి, తన పేరు ఉండాలన్న ఉత్సాహం కాస్త తగ్గవచ్చు.

మీ స్థానం గురించి నా తీర్పు ఇది: మీరు అడగాల్సిందే. ఊళ్లు తిరిగి, శాంపిల్స్ తెచ్చి, డేటా శుభ్రం చేసినవాళ్లు చివర్లో ఉండి, ఆ ఊరు ఎలా ఉంటుందో కూడా తెలియని విద్యార్థి మొదట ఉంటే దాన్ని హెలికాప్టర్ రీసెర్చ్ అంటున్నారు. పై నుంచి దిగి, కావాల్సింది పట్టుకుని ఎగిరిపోవడం. పెద్ద పత్రికలే ఇప్పుడు దీన్ని అడుగుతున్నాయి. 2021లో ప్లాస్ పత్రికలు, 2022లో నేచర్ పత్రికలు స్థానిక పరిశోధకుల పాత్ర ఏమిటో చెప్పమనే విధానాలు తెచ్చాయి. అయితే ఆ విద్యార్థి విశ్లేషణ అంతా చేసి పేపర్ మొత్తం రాసి ఉంటే అతని కష్టమూ కష్టమే. ‘ఇద్దరమూ సమాన ప్రథమ రచయితలం’ అని పెట్టుకోవచ్చు. లేదా నీళ్లు, లోహాల పేపర్‌లో మీరు ముందు, జన్యువుల పేపర్‌లో అతను ముందు. అడగడం కష్టంగా ఉంటే నేరుగా పేర్ల మాట ఎత్తకండి. క్రెడిట్ అనే పద్ధతిలో పరిశోధన పనుల్ని 14 పాత్రలుగా విడగొట్టారు. ఒక షేర్డ్ షీట్ తెరిచి, ఎవరి పాత్ర వాళ్లు నింపండి అని అందరికీ పంపండి. ‘జర్నల్ అడుగుతుంది, ముందే సిద్ధం చేసుకుందాం’ అంటే ఎవరికీ నొప్పి ఉండదు. ఖాళీ గళ్లు వాటంతటవే మాట్లాడతాయి. మీ స్కాలర్ల పేర్లు మర్చిపోకండి. ఆశా, ఏఎన్‌ఎంల పేర్లు కృతజ్ఞతల్లో రావాలి, అయితే వాళ్లను అడిగాకే.

దేశాలు దాటిన పరిశోధనల కోసమే 2013లో మాంట్రియల్‌లో ఒక ప్రకటన తయారైంది. పని మొదట్లోనే ఎవరి బాధ్యతలేమిటి, డేటా ఎవరిది, రచయితలెవరు, తేడా వస్తే ఏం చేయాలి అన్నవి మాట్లాడి రాసుకోండని అది చెబుతుంది. మీ వాళ్లు రాసుకోలేదు. ఇప్పుడు రాసుకోండి, ఆలస్యమైనా ఫర్వాలేదు. ఆ అమెరికన్ ప్రొఫెసర్‌కు పంపే మెయిల్‌లో ఆ ప్రకటన పేరు ఎత్తితే, ఇది మీ సొంత గొంతెమ్మ కోరిక అనుకోరు.

పేపర్‌లో పేరుండాలంటే ఇంకోటి కూడా గట్టిగా పట్టుకోవాలి. అక్కడ చేసిన విశ్లేషణకు ముడి డేటా, వాడిన కంప్యూటర్ కోడ్ మీకు కూడా ఇవ్వాలి. 2020 మే 22న లాన్సెట్ అనే వైద్య పత్రికలో, కరోనా రోగులకు ఇస్తున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద ఒక పేపర్ వచ్చింది. ఆరు ఖండాల్లో 671 ఆసుపత్రులు, 96,032 మంది రోగులు అన్నారు. దాన్ని చూసి డబ్ల్యూహెచ్‌ఓ తన ట్రయల్‌లో ఆ మందు భాగాన్ని తాత్కాలికంగా ఆపేసింది కూడా. డేటా మొత్తం సర్జిస్ఫియర్ అనే ఒక చిన్న కంపెనీది, దాని అధిపతి కూడా రచయితల్లో ఒకరు. ప్రశ్నలు రాగానే మిగతా ముగ్గురు రచయితలు బయటివాళ్లతో తనిఖీ చేయిద్దామంటే కంపెనీ డేటా ఇవ్వలేదు. జూన్ 4న పేపర్ వెనక్కి తీసుకున్నారు. ఆ ముగ్గురిలో హార్వర్డ్ ప్రొఫెసర్ కూడా ఉన్నారు. చూడని డేటాకు ఆయనంతటివాడు పూచీ పడలేకపోయినప్పుడు మీరూ నేనూ ఎంత?

ఆ ఫోన్ చేసినావిడ సంగతి. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. జన్యు పరీక్షలకు నెలలు పట్టవచ్చు, క్రియాటినిన్ ఫలితం మీ దగ్గర ఈపాటికే ఉండి ఉంటుంది. ఎక్కువ వచ్చినవాళ్లకు ఇంకా చెప్పకపోతే, కమిటీ గిమిటీ ఏదీ చూడకుండా ఈ వారమే చెప్పండి. ఒక కాగితం మీద ఫలితం, మామూలుగా ఎంతుండాలో పక్కన, ఏ ఆసుపత్రికి వెళ్లాలో కింద. పీహెచ్‌సీ డాక్టర్‌కు ఒక జాబితా, అదీ ఆ మనుషులు సరేనంటేనే. ఊరి మధ్యలో నిలబడి అందరి ఫలితాలూ చదవకండి. కిడ్నీ జబ్బుందని తెలిస్తే పెళ్లి సంబంధాలు కూడా ఆగిపోతున్న ప్రాంతాలున్నాయి. మీ ఊళ్ల పేర్లు మీరు రాయలేదు, నేనూ అడగను. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఉద్దానం ఊళ్లకైతే ఎన్నో బృందాలు వచ్చి రక్తం, నీళ్లు, మట్టి పట్టుకెళ్లాయి. శ్రీలంకలో, నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో ఇలాంటి జబ్బే ఉండటంతో ప్రపంచం దృష్టి అటుంది. కారణం ఇదీ అని ఇంతవరకూ ఖాయంగా తేలలేదు. అలాంటి చోట మళ్లీ రక్తం అడగడానికి వెళ్లేవాళ్లు, పాత రిపోర్టు చేతిలో పెట్టకుండా ఏ ముఖం పెట్టుకుని వెళ్తారు?

చివరగా రికమండేషన్ లెటర్. మీరు నిజాయితీగా ఉంటే అంతా మంచే జరుగుతుందని నేను చెప్పను, అలా జరగకపోవడం చాలాసార్లు చూశాను. ఆ ప్రొఫెసర్ మొహం ముడుచుకోవచ్చు. నా అంచనా మాత్రం వేరే: కన్సెంట్ లేని శాంపిల్‌తో పేపర్ వేసి, తర్వాత వెనక్కి తీసుకోవాల్సి వస్తే పోయేది ఆయన పరువు, ఆయన గ్రాంటు. దాన్ని ముందే ఆపిన మనిషిని తన ల్యాబ్‌లో వద్దనుకునే ప్రొఫెసర్ దగ్గర రెండేళ్లు పనిచేయడం మీకూ అంత మంచిది కాదు. అయినా ఒక్క తలుపునే నమ్ముకోకండి. మీ పీహెచ్‌డీ గైడ్, ఇంకో సహ పరిశోధకుడు, మీ పని చూసిన వేరే సంస్థ వాళ్లు, ఇలా ఇద్దరు ముగ్గురిని ఇప్పటినుంచే అడిగి పెట్టుకోండి. హెచ్‌ఓడీ గారు ససేమిరా అంటే, మీరు ఏం చెప్పారో, ఆయన ఏమన్నారో తేదీతో సహా ఆయనకే ఒక మర్యాదైన మెయిల్‌గా రాసి పంపండి. ఫోన్‌లో మాట్లాడుకున్నది ఎక్కడా మిగలదు. అప్పటికీ కదలకపోతే ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీని నేరుగా కలవండి, సహ పరిశోధకురాలిగా మీకు ఆ హక్కుంది. ఇది తేలికైన పని కాదు, ఒకే కారిడార్‌లో రోజూ ఎదురుపడాల్సిన మనుషులతో వ్యవహారం. కాబట్టి అది ఆఖరి మెట్టుగా ఉంచుకోండి.

కమిటీ తర్వాతి సమావేశం ఎప్పుడో రేపే ఫోన్ చేసి కనుక్కోండి. చాలా చోట్ల కాగితాలు కొన్ని వారాల ముందే ఇవ్వమంటారు. సవరణ దరఖాస్తు, పాత కన్సెంట్ ఫారం, కొత్త ఫారం తెలుగు ప్రతి, డీవియేషన్ రిపోర్టు, అగ్రిమెంట్ ముసాయిదా, ఆ ప్రొఫెసర్ మెయిల్ ప్రింటు, ఇవన్నీ ఒకే సెట్టుగా పెట్టండి. సవరణ మీద హెచ్‌ఓడీ గారి సంతకం కావాలి, ఆయన సెలవు మీద వెళ్లేలోపే పెట్టించుకోండి.